చెరువే నడివీధి

గుత్తిలో ముప్పై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. మా అమ్మాయీ అల్లుడూ కెనడాలో, ఎడ్మంటన్‌లో ఉంటారు. పిల్లల దగ్గరికి వెళ్ళే మా ఈడువాళ్ళందరిలాగే మేమూ ఆరు నెలలకని వెళ్ళాం. అలా వెళ్ళిన అమ్మానాన్నలకు ఏమేం చూపించాలో ముందే ఖాయమైపోయి ఉంటుంది. నయాగరా, టొరంటోలో టవరు, బాన్ఫ్ కొండలు, ఒక గుడి, రెండు మాల్స్. ఆ ఫొటోలు మీలో చాలామంది ఫోన్లలో ఉండే ఉంటాయి. మా అల్లుడూ అదే జాబితా తీశాడు. నేను యెల్లోనైఫ్ వెళ్దామన్నాను.

"అక్కడేముంది మామయ్యా, చలి తప్ప?" అన్నాడు. పదేళ్ళుగా కెనడాలో ఉంటున్న మనిషి అన్న మాట అది.

ఏముందో అప్పటికి నాకూ తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే. 1991లో ఆ ఊరికి ఈశాన్యంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, మనుషులు లేని బీడులో, వజ్రాలు బయటపడ్డాయి. మా గుత్తికి వజ్రకరూరు ఎంతో దూరం లేదు. తొలకరి పడితే చాలు, మా వైపు జనం పనులు మానుకుని పొలాల్లో తలలు వంచుకుని తిరుగుతారు. అటువంటి చోట పుట్టినవాడికి వజ్రాల ఊరంటే ఉబలాటం ఉండదా? ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఎడ్మంటన్ నుంచి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. కిందికి చూస్తే అంతా తెలుపు, మధ్యమధ్య సన్నటి నల్లగీతల్లా చెట్లు. దిగాక సామాన్ల కోసం నిలబడితే, ఆ తిరిగే బెల్టు మధ్యలో ఒక ధ్రువపు ఎలుగుబంటి నిలబడి ఉంది. చచ్చినదాన్ని లోపల కూరి నిలబెట్టారు. కార్ల నంబరు ప్లేట్లు కూడా ఎలుగుబంటి ఆకారంలోనే కత్తిరించి ఉంటాయి. తీరా అడిగితే ఈ ఊరి చుట్టుపక్కల ఆ ఎలుగుబంట్లు లేవట, ఇంకా చాలా ఉత్తరానికి, సముద్రం దాకా పోవాలట. ఊరు ఆర్కిటిక్ వలయానికి ఇంకా 400 కిలోమీటర్లు కిందనే ఉంది.

బయట కార్ల పార్కింగులో నాకు మొదటి వింత కనిపించింది. ప్రతి కారు ముక్కులోంచీ ఒక కరెంటు తీగ వేలాడుతోంది, చివర ప్లగ్గు. మన ఇళ్ళలో ఇస్త్రీపెట్టెకు ఉండేలాంటిదే. రాత్రి బండి ఆపితే ఆ ప్లగ్గు గోడకు పెట్టాలి, లేకపోతే పొద్దున ఇంజను కదలదు. ఆ పూట మైనస్ 28. మా ఆవిడ కట్టుకొచ్చిన పులిహోర పొట్లం కారు డిక్కీలో ఓ గంట ఉండిపోయింది. తీసి చూస్తే ఇటుక. ఆవకాయ సీసాలో నూనె వెన్నలా గడ్డకట్టింది. ఆవిడ నా మొహం కేసి ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు అర్థం ఈ కార్యక్రమం వింటున్న భర్తలందరికీ తెలుసు.

యెల్లోనైఫ్ అంటే పచ్చకత్తి. బంగారపు కత్తి కాదు, రాగి కత్తి. ఇక్కడి ఆదివాసులైన దెనే ప్రజల్లో ఒక తెగవాళ్ళు రాగితో కత్తులు చేసుకునేవారు, వాళ్ళ పేరే ఊరికి వచ్చింది. ఊరి జనాభా ఇరవై వేలు. మా గుత్తే దీనికంటే పెద్దది. కానీ వాయవ్య ప్రాంతాలు అని వాళ్ళు పిలుచుకునే మొత్తం రాజ్యానికి ఇదే రాజధాని. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి ఐదింతలు చేస్తే ఎంతో, ఆ ప్రాంతం దాదాపు అంత. అందులో ఉన్న మనుషులంతా కలిపి నలభై వేల పైచిలుకు, వాళ్ళలో సగంమంది ఈ ఊళ్ళోనే. ఇంత తక్కువ జనానికి అధికార భాషలు పదకొండు. మనకు ఒక భాషలో జీవోలు రావడానికే ఎంత తంటానో మీకు తెలుసు.

ఈ ఊరికి ఎవరూ రారని కాదు. ఆకాశంలో ఆడే ధ్రువకాంతుల కోసం వస్తారు. జపాన్ నుంచి విమానాలు నింపుకుని వస్తారు, ఇప్పుడిప్పుడు మనవాళ్ళూ వస్తున్నారు. వచ్చి ఏం చేస్తారంటే, పగలంతా హోటల్లో నిద్రపోతారు, రాత్రి పదింటికి బస్సెక్కి ఊరవతలికి పోతారు, తెల్లవారుజామున మూడింటికి తిరిగొచ్చి పడుకుంటారు. మూడు రాత్రులు అలా గడిపి విమానమెక్కేస్తారు. ఊరికి రాకుండా ఊరుకునేవాళ్ళు ఒక రకం, వచ్చి కూడా ఊరిని చూడనివాళ్ళు మరో రకం. మేం దిగిన హోటల్లో పగలు పన్నెండింటికి కూడా కారిడార్లలో దీపాలు తగ్గించి, మాట్లాడొద్దని బోర్డులు పెట్టారు. పట్టపగలు ఊరు ఊరంతా పండగ చేసుకుంటుంటే వీళ్ళు తెరలు దించుకుని గురకలు.

పండగ ఎక్కడంటే, చెరువు మీద.

సరస్సు అనాలి కాబోలు గానీ, మా రాయలసీమ నోటికి చెరువు అనే వస్తుంది. దాని పేరు గ్రేట్ స్లేవ్ లేక్. ఉత్తర అమెరికా ఖండంలో ఇంతకంటే లోతైన చెరువు లేదు, 614 మీటర్లు. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు. అలాంటివి ఐదు ఒకదాని మీద ఒకటి నిలబెడితే నాలుగు పూర్తిగా మునిగిపోతాయి, ఐదోదాని కొస మాత్రం కాస్త పైకి కనిపిస్తుంది. అంత లోతంతా ఊరి దగ్గర కాదు, దూరంగా తూర్పు పాయలో. ఊరిని ఆనుకుని ఉన్నది దాని చేయి లాంటి ఒక పాయ. అది నవంబరు, డిసెంబరుల్లో గడ్డకడుతుంది. మరుక్షణం ఊరు దాని మీదికి దిగుతుంది. కుక్కలబండ్లు, మంచు స్కూటర్లు, చేపలు పట్టేవాళ్ళు, పిల్లల్ని బండి మీద లాక్కుపోయే తల్లులు. ఆ పాయలో లంగరేసిన పడవ ఇళ్ళు ఓ ముప్పైకి పైనే ఉన్నాయి. ఎర్రవి, పసుపువి, నీలివి, మన పల్లెల్లో సున్నం, రంగులు కొత్తగా వేసిన ఇళ్ళలాగా. ఎండాకాలం పడవలో ఇంటికి పోయేవాళ్ళు ఇప్పుడు కారును గుమ్మం ముందు ఆపుకుంటారు.

పాయకు అవతలి గట్టున డెట్టా అనే దెనే పల్లె ఉంది. మామూలు రోడ్డు మీద చుట్టు తిరిగి పోతే 27 కిలోమీటర్లు. గడ్డకట్టిన నీళ్ళ మీద ఆరున్నర. ప్రభుత్వమే ఆ రోడ్డు వేస్తుంది, వేగం బోర్డులు పెడుతుంది, బరువు ఎంత దాటకూడదో రాస్తుంది. మమ్మల్ని తీసుకెళ్ళినావిడ డెట్టా మనిషే, అరవై దాటినావిడ. మధ్యలో బండి ఆపి దిగమంది. మంచు పొరను చేత్తో తుడిస్తే కింద గాజులా నల్లటి గడ్డ, దాంట్లో నిలువునా తెల్లటి పగుళ్ళు, ముత్యాల్లా చిక్కుకుపోయిన గాలిబుడగలు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. అంతలో కాళ్ళ కిందనుంచి ఒక మోత వచ్చింది. ఎక్కడో దూరంగా పెద్ద ఇనపతీగను కొట్టినట్టు, ఆ మోత మా కిందినుంచే పారిపోయింది.

"పగిలిందా?" అన్నాను.

"పగులుతూనే ఉంటుంది. మాట్లాడుతున్నంతసేపూ ఏం భయం లేదు. చెరువు మాట్లాడకపోతేనే మాకు భయం," అందావిడ.

గడ్డ మీద బండి నెమ్మదిగా ఎందుకు నడుపుతారో కూడా ఆవిడే చెప్పింది, నా క్లాసులో చెప్పుకోదగ్గ పాఠం అది. బండి బరువుకు గడ్డ కొద్దిగా కుంగుతుంది, ఆ కుంగుబాటుకు కింద నీళ్ళలో అల లేస్తుంది. బండి జోరుగా పోతే ఆ అల కూడా జోరందుకుని, ఒడ్డు దగ్గర గడ్డను కిందినుంచి తన్నుతుంది. మందమైన గడ్డ కూడా అక్కడ చిట్లవచ్చు. వజ్రాల గనులకు పోయే చలికాలపు రోడ్డు ఒకటుంది, దాదాపు 400 కిలోమీటర్లు, చాలా భాగం ఇలా చెరువుల మీదే. ఏడాదిలో రెండు నెలలు ఉంటుందంతే. ఏడాదికి సరిపడా డీజిలూ సిమెంటూ ఆ రెండు నెలల్లోనే లారీలు మోయాలి. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో, మన ఎడ్లబండికి కాస్త అన్నలా పోతాయట.

ఇప్పుడు మంచుకోట.

మార్చి నెలంతా ఆ పాయ మీద ఒక కోట ఉంటుంది. మంచుతో కట్టిన కోట. 1996లో పాత ఊరి దగ్గర ఆంథొనీ ఫోలియట్ అనే ఒకాయన, స్నేహితులతో కలిసి, పిల్లలు ఆడుకోవడానికని మంచుతో ఒక చిన్న కోట కట్టాడు. మరుసటేడు ఇంకాస్త పెద్దది. తర్వాత ఊరు ఊరంతా వచ్చి చెయ్యేసింది. ఆయన పేరే మారిపోయి స్నోకింగ్ అయ్యాడు, మంచురాజు. మంచురాజు పండగని దానికి పేరు.

మన భాషలో తెల్లారి గడ్డి మీద మెరిసేది మంచే, ధనుర్మాసంలో దారి కప్పేసేది మంచే, ఫ్రిజ్‌లో గట్టిపడేదీ మంచే. ఒక్క మాట చాలింది, ఎందుకంటే మనకు దాంతో పనిలేదు. ఈ కోట కట్టేవాళ్ళ దగ్గర నిలబడ్డాక ఆ ఒక్క మాటతో నాకు ఇబ్బందయింది. పైనుంచి రాలిన మంచు దూదిలా ఉంటుంది, దాన్ని పిడికిట్లో పిసికితే నిలవదు. అందుకని దాన్ని మిషనుతో పీల్చి, చెక్కల అచ్చుల్లోకి గట్టిగా చిమ్ముతారు. చిమ్మేటప్పుడు ఆ నక్షత్రాల్లాంటి పలుకులు విరిగి నూకలవుతాయి. నూక నూకతో అతుక్కుని గంటల్లో గట్టిపడుతుంది. అచ్చు విప్పితే గోడ. వాళ్ళు దానికి కాంక్రీటు అనే మాటను అతికించి స్నోక్రీట్ అంటారు. కిటికీలకు వేరే సరుకు. చెరువు గడ్డను రంపంతో పలకలుగా కోసి తెస్తారు, అడుగు మందం గాజు అనుకోండి. దాంట్లోంచి వచ్చే వెలుతురు నీలంగా, ఇంకుసీసాను ఎండకు పట్టి చూసినట్టు ఉంటుంది.

లోపలికి అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయాయనుకున్నాను. మంచుగోడలు చప్పుడును మింగేస్తాయి. బయట గాలి హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. వరండాలు, మలుపులు, పైకి మెట్లు, పైనుంచి కిందికి జారే జారుడుబండ, ఒక చిన్న కాఫీకొట్టు, దానికో మంచు బల్ల. లోపలి గదిలో వేదిక, వేదిక మీద ఇద్దరు కుర్రాళ్ళు, వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులతో గిటార్లు వాయిస్తున్నారు. రెండు పాటలకోసారి ఆపి తీగలు బిగించుకుంటున్నారు, చలికి శ్రుతి నిలవదు. పాట అయ్యాక జనమంతా చప్పట్లు కొట్టారు. మందపాటి తొడుగుల చేతులు కదా, ఆ చప్పట్లు ఇరవైమంది కలిసి దుప్పట్లు దులిపినట్టు వినిపించాయి. మా ఆవిడకు నవ్వాగలేదు. పక్కనున్న ఒక ముసలాయన, గడ్డమంతా మంచు పట్టినాయన, ఆవిణ్ణి చూసి తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలీదు.

జారుడుబండ నేనూ ఎక్కాను. వయసు అడగకండి.

ఈ కోటను మార్చి ఆఖరుకు వాళ్ళే కూలగొట్టేస్తారు. ఎండ ముదిరితే గోడలు కుంగి ప్రమాదమని. జనవరి నుంచి చలిలో చేసిన చాకిరీ అంతా అలా పోతుంటే బాధ లేదా అని పార పట్టుకున్న ఒకమ్మాయిని అడిగాను. "వచ్చే ఏడు దక్షిణం వైపు కిటికీలు ఇంకో రకంగా పెట్టాలని ఇప్పుడే అనుకుంటున్నాం," అంది. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా అదే మాట. మన బతుకమ్మ, మన వినాయకుడు, పొద్దున్నే వేసి సాయంత్రానికి బండి చక్రాల కింద పోయే సంక్రాంతి ముగ్గు, వీళ్ళకు ఎవరు చెప్పారు అని.

అదే మార్చిలో చెరువు మీద కుక్కలబండ్ల పందెం కూడా జరుగుతుంది, 1955 నుంచీ. ఆ సంగతి ఎక్కువ చెప్పను, మేం చూసింది చివరి పావుగంటే. పందెం అయిపోయాక ఒక్కో కుక్క దగ్గరా మోకాళ్ళ మీద కూచుని, పాదాలకు తొడిగిన చిన్న చిన్న సంచుల్ని విప్పుతున్నవాడి ఓపిక మాత్రం గుర్తుంది.

ధ్రువకాంతుల గురించి చెప్పకపోతే మీరూరుకోరు. చూశాం. రెండు రాత్రులు ఏమీ లేదు, మూడో రాత్రి వచ్చింది. మొదట అది తెల్లటి పలచని మబ్బులా ఉంది. ఫోన్లో ఫొటో తీస్తే ఆకుపచ్చగా పడింది, కంటికి మాత్రం చాలాసేపు బూడిదరంగే. ఇది ఎవరూ ముందు చెప్పరు, ఫొటోల్ని చూసి వెళ్ళినవాళ్ళకు చిన్న దెబ్బ తగులుతుంది. కానీ ఒక్కసారి జోరందుకుందంటే కెమెరా అక్కర్లేదు. తాడుమీద ఆరేసిన చీర గాలికి ఎగిరినట్టు ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరకు కదిలింది, అంచున గులాబీ రంగు పరుగెత్తింది. సూర్యుడినుంచి వచ్చే విద్యుత్ కణాలు భూమి అయస్కాంతం దారి పట్టి ధ్రువాల దగ్గర గాలిలోకి దిగుతాయి. నూరు కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్‌కు తగిలితే ఆకుపచ్చ, ఇంకా పైన ఎరుపు, నైట్రోజన్‌దైతే ఆ గులాబీ, ఊదా. నేను ఈ పాఠం నల్లబల్ల మీద చాలాసార్లు చెప్పాను. ఆ రాత్రి మా ఆవిడ అడిగితే గొంతు పెగల్లేదు.

పాత ఊళ్ళో ఒక పెద్ద బండ ఉంది, మెట్లెక్కి పైకి పోతే ఊరంతా కనిపిస్తుంది. 1930లలో బంగారం కోసం చిన్న విమానాల్లో, నీళ్ళమీదా మంచుమీదా దిగిన పైలట్ల స్మారకం అక్కడుంది. బండ కింద 1937లో దుంగలతో కట్టిన వైల్డ్‌క్యాట్ కెఫే ఇప్పటికీ నిలబడే ఉంది. దగ్గర్లోనే రాగెడ్ యాస్ రోడ్ అని ఒక వీధి. దాని అర్థం రేడియోలో చెప్పలేను గానీ, చేతిలో పైసా లేక వెనకవైపు లాగు చిరిగిన గనివాళ్ళ తలపోత అనుకోండి. వీధి బోర్డును జనం పదేపదే ఎత్తుకుపోతుంటే చివరికి దుకాణాల్లో నకళ్ళు అమ్మడం మొదలుపెట్టారు. దెనే భాషలో ఈ ఊరిపేరు సోంబా కే. అంటే డబ్బున్న చోటు.

ఆ డబ్బు కథ అంత తియ్యగా లేదు. జైంట్ అనే బంగారు గని 1948 నుంచి 2004 దాకా నడిచింది. అక్కడి ముడిరాయిలో బంగారంతో పాటు పాషాణం ఉంటుంది, ఆర్సెనిక్. రాయిని కాల్చి బంగారం తీసినప్పుడు ఆ విషం పొగలో లేచి మంచు మీద పడేది. 1951లో ఆ మంచు వల్ల దెనేల పసిబిడ్డ ఒకడు చనిపోయాడు. మాకు బండి నడిపినావిడ చెరువు మీద ఇది చెప్పింది, గొంతు పెంచకుండా. "మీరంతా మంచు తినొచ్చని పిల్లలకు చెప్తారు, మా అమ్మ మాకు తినొద్దని చెప్పేది." తర్వాత పట్టి దాచిన విషపు పొడి 2,37,000 టన్నులు, ఇప్పటికీ గని లోపల గదుల్లో ఉంది. దాన్ని ఏంచేయాలో తేలక చివరికి అక్కడే గడ్డకట్టించాలని తీర్మానించారు. నేలలోకి నిలువుగా గొట్టాలు దించి, లోపలి వేడిని పైకి లాగి, బయటి చలిలోకి వదిలేయడం. చలికాలమంతా కరెంటు ఖర్చు లేకుండా చలే ఆ పని చేస్తుంది. అంత చెరువు పక్కన పెట్టుకుని ఊరు తాగేది మాత్రం పైనున్న నదినుంచి గొట్టాల్లో తెచ్చిన నీళ్ళు.

ఇక వజ్రాలు. చార్లెస్ ఫిప్కే, స్టువర్ట్ బ్లూసన్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి మట్టిలో చిన్న చిన్న ఎర్రటి గార్నెట్ పలుకులు వెతుక్కుంటూ పోయారు. ఒకప్పటి హిమానీనదాలు ఆ పలుకుల్ని, గొట్టాల్లా నేలలోకి దిగిన వజ్రాల రాతినుంచి ఈడ్చుకొచ్చి దారిపొడుగునా రాల్చాయి, వీళ్ళు ఆ దారిని వెనక్కి నడిచారు. 1998లో ఏకటి గని తెరిచారు, కెనడాలో మొదటి వజ్రాల గని. ఆ గొట్టాల రాయిని కింబర్లైట్ అంటారు. మా వజ్రకరూరులో ఉన్నదీ అదే జాతి రాయి. ప్రపంచానికి వజ్రాలంటే 18వ శతాబ్దం మొదటిదాకా మన దేశమే, అందులో పేరున్నవి కృష్ణ ఒడ్డున కొల్లూరువి, గోల్కొండ పేరుతో అమ్ముడైనవి. ఇప్పుడు ఉత్తరాన ఆ మంచులోంచి తీసిన రాళ్ళు, ప్రపంచంలో చాలా రాళ్ళలాగే, సానకు సూరత్ దారి పడతాయి. యెల్లోనైఫ్ మ్యూజియంలో ఒక ముడి వజ్రం చూశాను. పటికబెల్లం ముక్కలా ఉంది. మా వైపు పొలంలో నేను తొక్కి దాటేసినవి ఇలాంటివెన్నో అనుకుని కాసేపు కడుపు రగిలింది.

జూలైలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా అల్లుడే కారు తీశాడు. పదిహేను వందల కిలోమీటర్లు, రెండు రోజులు. మెకంజీ నది మీద 2012 నవంబరులో వంతెన తెరిచేదాకా ఈ దారిలో ఎండాకాలం బల్లకట్టు, చలికాలం గడ్డ మీద రోడ్డు, ఆ రెంటికీ మధ్య వారాల తరబడి ఏమీ లేదట. వంతెన దాటాక అడవి దున్నలు రోడ్డుకడ్డంగా వచ్చి నిలబడ్డాయి, మన ఊళ్ళో గేదెలు నిలబడినంత ధీమాగా. హారన్ కొట్టబోయిన మా అల్లుణ్ణి మా అమ్మాయి చెయ్యి పట్టి ఆపింది.

ఆ దారిలో కాలిన అడవి మైళ్ళకు మైళ్ళు. 2023 ఆగస్టు 16న ఊరు మొత్తాన్ని ఖాళీ చేయమన్నారు. ఇరవై వేలమంది, దక్షిణానికి ఉన్నది ఒకటే రోడ్డు, ఆ రోడ్డు పక్కనే మంటలు. కారు లేనివాళ్ళను విమానాల్లో తరలించారు. ఎడ్మంటన్‌కు చాలామంది వచ్చారు, మా అమ్మాయి ఆఫీసులో దుప్పట్లు పోగుచేశారట. మూడు వారాలకు, సెప్టెంబరు 6న తిరిగి రమ్మన్నారు. మసిబారిన మొద్దుల మధ్య ఇప్పుడు ఊదారంగు పూలు మోకాలెత్తు లేచాయి. కాలిన నేలమీద ముందు వచ్చే పువ్వది.

రాళ్ళ మీద జానపదం, ఫోక్ ఆన్ ది రాక్స్, 1980లో మొదలైన సంగీతాల పండగ. ఊరి చివర లాంగ్ లేక్ ఒడ్డున ఇసుకా బండలూ కలిసిన చోట జరుగుతుంది. ఆ బండల్ని చూసి హైదరాబాద్ గుట్టలు గుర్తొచ్చాయి. మనవి 250 కోట్ల ఏళ్ళ నాటివైతే, ఇవి ఇంకా కాస్త పెద్దవి. ఇక్కడికి ఉత్తరాన 300 కిలోమీటర్ల దూరంలో దొరికిన అకాస్టా రాయికి 400 కోట్ల ఏళ్ళు, భూమ్మీద తెలిసిన రాళ్ళలో అన్నిటికంటే ముసలివాటిలో ఒకటి. రాత్రి పదకొండుకు ఎండ ఏటవాలుగా పడుతోంది. ఒక వేదిక మీద దెనేల డప్పులు, ఇంకోచోట ఇన్యూట్ అనే మరో ఆదివాసీ జాతి ఆడవాళ్ళు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గొంతులోంచి ఊపిరితో పాడే పాట. పాట అంటే పాట కాదు, పోటీ. ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. దెనేల చేతుల ఆట, పిడికిట్లో దాచినదాన్ని డప్పు మోతలో అవతలి జట్టు కనిపెట్టే ఆట, జూన్ 21న ఆదివాసుల దినం నాడు చూడొచ్చని చెప్పారు. అది మాకు అందలేదు.

దోమలు మాత్రం అందాయి. మన దోమ పాట పాడి కుడుతుంది, ఆ ఊరి నల్ల ఈగ మాట్లాడకుండా ముక్క కొరుక్కుపోతుంది. వెళ్ళేవాళ్ళు తలకు వల కొనుక్కోండి, సిగ్గుపడకండి. ఊరికి ముప్పావుగంట దూరంలో కామెరాన్ జలపాతం ఉంది. బండలమీదుగా అరగంట లోపే నడక, నయాగరాలా తోపులాట లేదు. మేం వెళ్ళినప్పుడు అక్కడున్నది మేం నలుగురం, ఇంకా ఒక కుక్క.

చవకైన ప్రయాణం కాదు, ముందే చెప్తున్నాను. కూరగాయలు చాలావరకు దక్షిణంనుంచే రావాలి కాబట్టి తిండి ఖరీదు. ఒక్కసారే వెళ్ళగలిగితే మార్చిలో వెళ్ళండి, కోటా చెరువూ ఆకాశమూ మూడూ దొరుకుతాయి. చలికోటూ బూట్లూ అక్కడే అద్దెకిస్తారు, ఇక్కడినుంచి మోసుకుపోయే స్వెటర్లు దేనికీ పనికిరావు.

చివరి సాయంత్రం, సాయంత్రమంటే గడియారంలో తొమ్మిది, ఆకాశంలో మాత్రం మన నాలుగు గంటల ఎండ, పడవ ఇంట్లో ఉండే ఒకావిడ మమ్మల్ని తన చిన్న పడవలో తిప్పింది. మా ఆవిడ లైఫ్ జాకెట్ బిగించుకుని పడవ అంచు పట్టుకు కూచుంది. నీళ్ళు కదలడం లేదు. ఎర్ర ఇల్లు, పసుపు ఇల్లు తలకిందులుగా నీళ్ళలో కనిపిస్తున్నాయి. మంచుకోట ఎక్కడుండేదో గుర్తుపట్టలేక అడిగాను. ఆవిడ తెడ్డు వెయ్యడం ఆపి, ఒడ్డునున్న బండ కేసి, తన ఇంటి కేసి చూసి కొలత వేసుకుంది. ఇంకో రెండు తెడ్లు వేసి, ఆపింది.

"ఇక్కడ. మీరు జారింది ఇక్కడే," అంది.

మా ఆవిడ అంచు వదిలి, చెయ్యి నీళ్ళలో పెట్టింది.